విచారణ కప్ప

ఆగస్టు 9, బుధవారం

వాన లేదు.

ఆగస్టు 10, గురువారం

ఈరోజూ లేదు. రాయప్ప చేనికి పోయి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. కడుక్కోవడానికి నీళ్లెక్కడివి అన్నది వేరే సంగతి. బుడ్డల చెట్లు పొద్దెక్కకముందే ఆకులు ముడుచుకుంటున్నాయట. పూత మీదున్న వేరుశెనగ పంట. ఇంకో వారం ఇట్లే ఉంటే గొర్రెలకు వదిలేద్దాం లేమ్మే అన్నాడు. నా మొగుడు ఎంత పెద్ద విషయమైనా సగం నవ్వుతూ చెబుతాడు. ఈసారి నవ్వలేదు.

అంగన్‌వాడీలో ఈ నెల థీమ్ వర్షాకాలం. పై నుంచి వచ్చిన చార్టులో అలాగే ఉంది. నేను టీచర్‌ని, చార్టులో ఏముంటే అది చెప్పాలి. మేఘం గీయండి అంటే ఒక పిల్ల ట్యాంకర్ గీసింది. గుడ్ అని స్టార్ పెట్టాను.

సాయంత్రం తమ్ముడు ప్రతాప్ కదిరి నుంచి ఫోన్ చేశాడు. పాపకు జ్ఞానస్నానం సెప్టెంబరు ఎనిమిదిన, మరియమాత పుట్టినరోజు పండుగనాడు, మన ఊరి చర్చిలోనే. జ్ఞానతల్లివి నువ్వే అక్కా, మర్చిపోయేవు అన్నాడు. మర్చిపోవడమా! ఆ పాప కోసం వాడూ వాడి పెళ్లాం వనజాక్షీ తిరగని ఆస్పత్రి లేదు. అనంతపురం బస్సులో ప్రతిసారీ వనజాక్షి పక్క సీటు నాదే. నర్సు పాపను బయటికి తెచ్చి ముందు నా చేతుల్లోనే పెట్టింది. జ్ఞానతల్లి అంటే గుడిలో బిడ్డను ఎత్తుకుని, ఈ బిడ్డ విశ్వాసానికి నాదీ పూచీ అని దేవుడి ముందు మాట ఇచ్చే మనిషి. నాకు పిల్లలు పుట్టలేదు. దాని గురించి ఇంతకంటే రాయను.

ఆగస్టు 12, శనివారం

నిన్న జరిగింది మొత్తం రాయాలి.

పక్కింటి నల్లమ్మ పొద్దున్నే వచ్చింది. ఆమెకు గొర్రెలున్నాయి, ఊళ్లో ఉన్న పాటలన్నీ నోటికి ఉన్నాయి. కప్పతల్లిని తిప్పుదామని ఆడోళ్లంతా అనుకున్నారట. రోకలికి వేపాకు కట్టి, తడిగుడ్డలో కప్పను పెట్టి, ఇంటింటికీ పోయి పాడితే ఇంటామె బయటికి వచ్చి కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. వాన కోసం చేసే పని. నా చిన్నప్పుడు చూశాను, వెనకాల పరుగెత్తాను కూడా. ఇప్పుడు చిక్కు ఏమిటంటే కప్ప లేదు. చెరువు ఎండింది, వంక ఎండింది, బావుల్లో తొండలు తిరుగుతున్నాయి. యాడ ఎతికినా ఒక్కటీ దొరకలేదు, కప్పలు కూడా బెంగుళూరుకు కూలికి పోయినట్లుండాయి అని నల్లమ్మ నిట్టూర్చింది.

ఒకటి ఉందక్కా అన్నాను నేను. మా చర్చి కొళాయి కింద గుంతలో. ఆదివారం ప్రసంగం మధ్యలో అరుస్తుంది కూడా.

కిరస్తానం కప్పనా అని నల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా విచారణ కప్ప అన్నాను. పారిష్‌ను మేం విచారణ అంటాం, ఫాదర్‌ను విచారణ గురువు అంటాం. మిగతా ఊరికి విచారణ అంటే పోలీసు స్టేషన్ తప్ప వేరే ఏదీ గుర్తు రాదు. పాపం అదేం నేరం చేసిందమ్మా అని ఆమె మళ్లీ నవ్వింది. కొళాయి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నల్లమ్మతో వచ్చినవాళ్లలో గంగాదేవి అనే ఆమె ఒడుపుగా పట్టుకుంది. కప్ప బాగా బలిసి ఉంది, ఫాదర్ బంగళా నీళ్లు పడ్డాయి మరి.

నేను ఊరికే వెంట నడుద్దామని పోయాను. రెండో వీధిలో నల్లమ్మ గొంతు పోయింది. దుమ్ము. దగ్గింది, మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ పోయింది. అందరూ నావైపు చూశారు. ఇన్నేళ్లుగా చర్చిలో పాటలు ఎత్తుకునేది నేనే అని వాళ్లకు తెలుసు. ఎత్తుకున్నాను. గట్టిగా ఎత్తుకున్నాను. ట్యాంకర్ వచ్చే రోజున బిందె కోసం జుట్లు పట్టుకునే ఆడవాళ్లు, గడప దాటి వచ్చి, చెంబు నిండుగా తెచ్చి, ఆ కప్ప మీద పోశారు. ఒక్కరూ సగం చెంబుతో రాలేదు. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాడాను.

ఇంకొకటి. ఇది ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పాడుతుంటే ఎవరో వింటున్నారనిపించింది. మైకు పెట్టుకుని పీఠం పక్కన నిలబడి ఇన్నేళ్లు పాడానే, అక్కడ ఒక్కసారి కూడా అలా అనిపించలేదు. అనిపిస్తుందని ఎదురుచూసీ చూసీ, ఈ మధ్య ఎదురుచూడటం కూడా మానేశాను. వీధిలో, కప్ప వెనకాల, అనిపించింది.

కప్పను తిరిగి అదే గుంతలో వదిలాం. క్షేమం.

ఆగస్టు 13, ఆదివారం, సాయంత్రం 4

వాన!

అదే రోజు, 6 గంటలు

ఆగిపోయింది. చెరువు నిండే వాన కాదు. అయినా చేను తడిసింది, రాయప్ప బురద కాళ్లతో ఇల్లంతా తొక్కాడు, నేను ఒక్క మాట అనలేదు. మొదటి చినుకు పడగానే స్తోత్రం అన్నాను. నోరే అంది. ఎవరికి అన్నానో ఆలోచించే టైమ్ లేదు, మిద్దె మీద బట్టలు ఉన్నాయి.

ఆగస్టు 15, మంగళవారం

ఉదయం అంగన్‌వాడీలో జెండా, తర్వాత చర్చిలో మరియమాత మోక్షారోపణ పండుగ పూజ. పూజ అయ్యాక ఫాదర్ దివాకర్ బంగళాకు రమ్మన్నారు. పోయినేడాది గుంటూరు వైపు నుంచి వచ్చిన చిన్న వయసు ఫాదర్. చెడ్డవాడు కాదు. రండి ఎలిజబెత్ గారూ, కూర్చోండమ్మా అంటాడు. మా ముసలివాళ్లకు ఆ అండీలు వినడమే ఒక పండుగ.

ఫోన్ చూపించాడు. వీడియో. నేను, రోకలి, కప్ప. ఎవరో స్టేటస్ పెడితే మా ఉపదేశి జోజప్ప దాన్ని విచారణ వాట్సాప్ గ్రూపులో వేశాడు. ఉపదేశి అంటే ఫాదర్ లేనప్పుడు జపాలు చెప్పించేవాడు. ఉన్నప్పుడు చాడీలు చెప్పేవాడు.

ఇది విగ్రహారాధన కిందికి వస్తుందమ్మా అన్నాడు ఫాదర్. విగ్రహం ఎగరదు కదా ఫాదర్, అది రెండుసార్లు ఎగిరి పారిపోబోయింది అన్నాను. ఆయన నవ్వలేదు. గాయకబృందాన్ని నడిపించే మనిషి అన్యదేవత పాట పాడితే మిగతావాళ్లకు ఏం చెప్పాలి అని అడిగాడు. ఆ వీధుల్లో కొన్ని మా విశ్వాసుల ఇళ్లు కూడా ఉన్నాయి, వాళ్లూ నీళ్లు పోశారు అన్నాను. అదే నా బాధ అన్నాడు.

చివరికి విషయానికొచ్చాడు. జ్ఞానస్నానానికి ముందు నేను పశ్చాత్తాపపడి పాపసంకీర్తనం చేయాలి, అంటే ఆయన చెవిలో నా పాపం చెప్పుకుని క్షమాపణ పొందాలి. చేయకపోతే జ్ఞానతల్లిగా నిలబడటానికి ఆయన ఒప్పుకోడు. కోపంగా చెప్పలేదు, అదే ఇంకా మండింది.

ఆగస్టు 17, గురువారం

నల్లమ్మ గోడ మీద నుంచి పిలిచి, విచారణ సామి పిలిచినాడంట గదా, ఏమన్న్యాడు, ఏం దండన ఏసినాడు అని అడిగింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి, నాకు విసుగ్గా ఉంది. పాపసంకీర్తనం చేయాలంటక్కా, కప్పపాట పాడినందుకు, లేకుంటే పాపను ఎత్తుకోనియ్యరంట అని చెప్పి లోపలికి వచ్చేశాను. సంకీర్తనా, అంతేనా అని వెనక నుంచి అంది. పాలు పొంగిపోయాయి.

ఆగస్టు 20, ఆదివారం

పాపసంకీర్తనం లైన్లో నిలబడ్డాను. నా వంతుకు ఒకరుండగా ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 22, మంగళవారం

రాయప్ప ఏడాదికోసారి, ఈస్టర్‌కు ముందు, పాపసంకీర్తనం చేస్తాడు. ప్రతి ఏడూ అవే రెండు పాపాలు. బూతులు మాట్లాడినాను, పూజ ఎగ్గొట్టినాను. ఆయనకు ప్రతి ఏడూ అవే మూడు జపాలు ప్రాయశ్చిత్తం. ఫాదర్లు మారారు, పాపాలు మారలేదు. నువ్వూ అట్ల చెప్పేసి రామ్మే, ఆయప్ప చెవిలో పడేసి వస్తే అయిపోయె, దానికింత టెన్షన్ యాలా అన్నాడు.

అది కాదు. టెన్త్‌లో మఠంలో సిస్టరమ్మ నాకు రెండు నేర్పింది, కొట్టి మరీ. ఒకటి పుస్తకంలో ఉండే తెలుగు, ఇదిగో రాస్తున్నది. రెండోది, మనస్తాపం లేని పాపసంకీర్తనం చెల్లదని. చేసినందుకు నిజంగా నొచ్చుకోవాలి, మళ్లీ చేయనని నిజంగా అనుకోవాలి. ఉత్తినే చెప్పి క్షమాపణ తీసుకుంటే అది పాత పాపం మీద కొత్త పాపం.

నేను నొచ్చుకోవడం లేదు. మూడు రోజులుగా వెతుకుతున్నాను, నాలో ఎక్కడా కనపడలేదు. మళ్లీ వాన లేకపోతే, మళ్లీ నల్లమ్మ గొంతు పోతే, మళ్లీ పాడతాను. ఇంత ఖచ్చితంగా నాకు ఈ మధ్య ఏ విషయమూ తెలియదు. దేవుడున్నాడా అంటే ఉన్నాడనే అంటాను, కానీ ఇంత గట్టిగా అనలేను.

ఇక ఫాదర్ ఏం కోరుతున్నట్లు? నిజం చెప్పి పాపను వదులుకో, లేదా దేవుడి ముందే అబద్ధం చెప్పి పాపకు దేవుణ్ణి నేర్పించు. ఎంత మంచి ఆఫర్!

ఆగస్టు 26, శనివారం

ప్రతాప్, వనజాక్షి పాపను తీసుకుని వచ్చారు. వనజాక్షి నోట్లోంచి మాట రావడమే అరుదు. పాపను నా ఒడిలో వేసి వంటింట్లోకి పోయింది. నేను బియ్యం కడుగుతాను వదినా, నువ్వు ఎత్తుకో అంది, అంతే.

ప్రతాప్ మాత్రం అన్నీ మాట్లాడాడు. నీకేమన్నా బుద్ధుండాదా అక్కా, ఒక్క మాట గదా, కండ్లు మూసుకుని చెప్పేయ్. ఫాదర్‌తో పంతం యాలా. ఇన్నేండ్లకు బిడ్డ పుట్టింటే ఆ సంతోషం కూడా ఉండనియ్యవా. ఈడ నీ రోషమే నీకు పెద్దదైపోయింది అన్నాడు. రోషం కాదురా, చెల్లదురా అన్నాను. చెల్లేదీ చెల్లనిదీ చూసుకునేదానికి దేవుడుండాడు, నీకెందుకు అన్నాడు. బాగానే అడిగాడు వెధవ.

పాప నా బొటనవేలు పట్టుకుని నిద్రపోయింది. వాళ్లు బస్సుకు లేచేదాకా వేలు తీయలేదు నేను.

ఆగస్టు 28, సోమవారం

చెప్పేస్తాను. తొలి శుక్రవారం సాయంత్రం పూజకు ముందు ఫాదర్ పాపసంకీర్తన పెట్టెలో కూర్చుంటాడు. పోయి, కప్పపాట పాడినందుకు చింతిస్తున్నాను అని ఒక్క మాట. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అని చూశాను. రెండోసారి బాగా వచ్చింది.

నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఉండనీ. పాప ముందు అదెంత.

సెప్టెంబరు 1, శుక్రవారం

పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నాను. అక్షరాలు ఎట్లా ఉన్నా సరే, రాయాలి.

ఐదింటికి చర్చికి పోయాను. పాపసంకీర్తన పెట్టె మా చర్చిలో ఎడమ పక్కన ఉంటుంది. పాత టేకు పెట్టె, మధ్యలో జాలీ, లోపల చీకటి. జాలీకి అటు ఫాదర్ చెవి, ఇటు మన నోరు. మెల్లగా, పక్కనున్నవాళ్లకు కూడా వినపడకుండా చెప్పుకునే ఈ పనికి సంకీర్తనం అని ఏ పండితుడు పేరు పెట్టాడో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి వింటున్నాను కాబట్టి నాకెప్పుడూ వింతగా తోచలేదు. నా ముందు ఇద్దరున్నారు. మనసులో ఆ ఒక్క మాట తిప్పుకుంటున్నాను.

వెనక గుమ్మం దగ్గర గలగల వినిపించింది. తిరిగి చూస్తే నల్లమ్మ. తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని, చేతిలో మొగుడి భజన చెక్కలు పట్టుకుని వస్తోంది. వెనక గంగాదేవి, ఆ వెనక రోకలి వెంట నడిచిన ఆడవాళ్లందరూ. చెప్పులు బయట వదిలారు. ఇస్త్రీ చీరలు కట్టారు. నిశ్శబ్దంగా వచ్చి నా వెనక లైన్లో నిలబడ్డారు. నల్లమ్మ చెక్కలు మోగుతున్నాయో లేదో అని ఒకసారి కొట్టి చూసింది.

జోజప్ప పరుగెత్తుకొచ్చాడు. ఏం మ్మా, ఏం గావల్ల, ఈడికి యాల వచ్చినారు అన్నాడు. నల్లమ్మ గొంతు తగ్గించలేదు. పాట పాడింది మేమంతా. కప్పను మోసింది గంగాదేవి. నీళ్లు పోసింది ఊరు ఊరంతా. విచారణ చేసి ఈయమ్మ ఒక్కదానికే దండన ఏసినారంట. సంకీర్తన అంటే ఒక్కరు చేసేదా? అందరం కల్సి పాడల్ల గదా. మేమూ పాడతాం. ఏ పాట, ఏ రాగమో చెప్పండి, ఎంత పొద్దయినా పాడి, పాపం తీర్చేసి ఇంటికి పోతాం అంది.

నాకు నవ్వొచ్చింది. అప్పుడు గోడ మీద నుంచి నేను చెప్పిన ముక్క ఊరంతా తిరిగి ఇలా తయారైందన్నమాట. నా శిక్ష పంచుకోవడానికి వచ్చారు, తలంటుకుని మరీ.

ఫాదర్ పెట్టె తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. మెడలో ఊదారంగు స్టోల్. జోజప్ప ఏదో చెప్పబోతే ఆపి, నల్లమ్మకు నమస్కారం పెట్టాడు. ఇది పాడేది కాదమ్మా, ఇక్కడ ఎవరికి వారు ఒంటరిగా చెప్పుకుంటారండీ అన్నాడు. మరి సంకీర్తన అని యాలంటారు సామీ అని అడిగింది ఆమె. పెద్దలు అలా పెట్టారమ్మా అన్నాడు ఫాదర్. పేరు పెట్టినోళ్లు తప్పు పెట్టి మమ్మల్ని అంటే ఎట్ల అంది నల్లమ్మ. పెట్టె ముందున్న ఇద్దరు ముసలమ్మలు కూడా అవునవునని తలలూపారు.

అయితే ఈడ చేసేదేముండాది అని అడిగింది నల్లమ్మ. చేసినదానికి మనసులో బాధపడి, ఆ బాధ దేవుడికి చెప్పుకుంటారండీ అన్నాడు ఫాదర్.

అప్పుడు నల్లమ్మ నావైపు తిరిగింది. వంకగా అడగలేదు. తెలియక, తెలుసుకుందామని, ఒంట్లో బాగుందా అని అడిగినట్లు అడిగింది. ఎలిజమ్మా, మాతోటి పాడినందుకు నీకి బాధగా ఉండాదా అంది.

అందరూ చూస్తున్నారు. ఫాదర్ కూడా. ఆ పెట్టెలో, చీకట్లో, జాలీ వెనకాల అయితే నా నోటికి ఆ మాట వచ్చేసేదే. ప్రాక్టీసు కూడా అయింది. కానీ నల్లమ్మ ముఖం చూస్తూ ఎట్లా అనను? ఆ చెంబులన్నీ ఒకసారి కళ్లముందు తిరిగాయి.

లేదక్కా అన్నాను. రవ్వంత కూడా లేదు. మళ్లీ పిలిస్తే మళ్లీ వస్తాను.

ఫాదర్ కళ్లు దించుకున్నాడు. అయితే నేను పాపక్షమాపణ ఇవ్వలేనమ్మా అన్నాడు మెల్లగా. నేను అడగడం లేదు ఫాదర్ అన్నాను.

అంత గట్టిగా అన్నది నేనేనా అనిపించింది. బాధ లేనప్పుడు ఇంక ఈడ పనేముండాది, పదండి మ్మే అంది నల్లమ్మ. అందరం బయటికి వచ్చేశాం. వీధి మలుపు దాటాక, పాపను ఇంక నీకియ్యరా అని గంగాదేవి అడిగింది. ఇయ్యరు అన్నాను. నల్లమ్మ అక్కడే మట్టిలో కూలబడి, నా నోరు పడిపోను, నేను అడగకుండా ఉన్నింటే అయిపోయేది గదమ్మా అని ఏడ్చింది. లేక్కా, నువ్వడిగావు కాబట్టి బతికిపోయాను అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు.

సెప్టెంబరు 2, శనివారం

ప్రతాప్ ఫోన్. జోజప్ప పెళ్లాం తెరేజమ్మ జ్ఞానతల్లిగా నిలబడుతుందట. సరే అన్నాను. ఇంకేమీ అడగవా అన్నాడు. తెరేజమ్మకు నడుం నొప్పి, పాపను జాగ్రత్తగా పట్టుకోమను అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కూర్చుని అరగంట ఏడ్చాను. రాయప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. జోకు వేయబోయి మానుకున్నాడు, చూశాను.

సెప్టెంబరు 3, ఆదివారం

పూజకు పోయాను. ఎందుకు పోకూడదు? అది నా చర్చి కూడా. మైకు దగ్గరికి పోలేదు, చివరి బెంచీలో కూర్చుని అక్కడి నుంచే పాడాను. సత్ప్రసాదానికి లేవలేదు, పాపక్షమాపణ లేకుండా అది తీసుకోకూడదు. అందరూ లేచి పోతుంటే కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాను. ఆకలేసింది. అన్నం ఆకలి కాదు. నమ్మకం సగమే మిగిలిందనుకున్నానే, మరి ఈ ఆకలెక్కడిది?

సెప్టెంబరు 5, మంగళవారం

మధ్యాహ్నం అంగన్‌వాడీ మూసి వస్తుంటే ఫాదర్ చర్చి కొళాయి దగ్గర నిలబడి గుంతలోకి చూస్తున్నాడు. ఒక్కడే. నన్ను చూసి, ఇదేనా అమ్మా అని అడిగాడు. గట్టున కూర్చున్న కప్ప. అదే ఫాదర్, మీ విచారణలోదే అన్నాను. ఈసారి నవ్వాడు.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇది పెట్టెలో మాట కాదు, ఎండలో మాట, కాబట్టి రాయొచ్చు. చింతిస్తున్నానని ఒక్క మాట అనండమ్మా, మిగతా ప్రశ్నలు నేను వేయను అన్నాడు. ఫాదర్, మీరు నన్ను అబద్ధమాడమంటున్నారు అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. అవును, అలాగే వినిపిస్తోంది అని ఒప్పుకున్నాడు.

అప్పుడు చెప్పేశాను. ఎవరికీ చెప్పలేననుకున్నది. మీ పీఠం పక్కన ఇన్నేళ్లు పాడాను, ఎవరూ విన్నట్లు లేదు. వీధిలో విన్నారు. ఎవరని అడగొద్దు, నాకు అడ్రస్ తెలియదు. నేను మీ దేవుణ్ణి వదిలిపెట్టి ఎక్కడికో పోయి పాడానని మీరంటున్నారు. నేను పోలేదు. నేను ఎక్కడున్నానో అక్కడికి ఎవరో వచ్చారు. దీన్ని పాపం అంటే నాకు దక్కిన ఒక్క రోజును నా నోటితో నేనే తుడిచేసుకోవాలి. తుడవను.

ఆయన కొళాయి కట్టేశాడు. అది కట్టేసే ఉంది, అయినా తిప్పాడు. నేను వచ్చినప్పటి నుంచి రోజూ పూజలో వాన కోసం ప్రార్థన చదువుతున్నానమ్మా, చదివాక ఒక్కసారి కూడా బయటికి వచ్చి ఆకాశం చూడలేదు, మీ వీడియో చూసినప్పుడు అది గుర్తొచ్చింది అన్నాడు.

నేను పాపక్షమాపణ ఇవ్వలేను కదా ఫాదర్ అన్నాను. పగలబడి నవ్వాడు. నవ్వి, నవ్వు ఆగాక, జ్ఞానతల్లి విషయంలో మాత్రం నేనేమీ చేయలేనమ్మా అన్నాడు. నియమం నియమమే. మంచిది ఫాదర్ అన్నాను. నాదీ అంతే.

సెప్టెంబరు 7, గురువారం

పోవాలా వద్దా అని రాయప్ప అడిగాడు. మేనత్తను, పోకుండా ఎట్లా ఉంటాను?

సెప్టెంబరు 8, శుక్రవారం

చివరి బెంచీలో కూర్చున్నాను. తెరేజమ్మ పాపను ఎత్తుకుంది. ఈ బిడ్డకు ఏ పేరు పెడుతున్నారు అని ఫాదర్ అడిగాడు. ముందే అనుకున్నట్లు షారన్ అని చెప్పడానికి ప్రతాప్ నోరు తెరిచాడు. వాడికంటే ముందు వనజాక్షి చెప్పింది. చర్చి అంతా వినపడేలా చెప్పింది.

ఎలిజబెత్.

ఫాదర్ తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పునీతురాలి పేరు, కాదనడానికి లేదు. నీళ్లు పోస్తూ ఆ పేరే పలికాడు.

కేకు మీద షారన్ అనే ఉంది. అందరం తిన్నాం.